ముందు సీటులో కూర్చున్నది ఎవరు

నా పేరు మౌలెన్ ఒరజొవ్. వయసు నలభై ఏడు. కరాసు ఊరి చివర, సరస్సు పక్క సైకిల్ బాట మొదలయ్యే చోట సైకిళ్ళు బాగుచేసే కొట్టు నాది. అద్దెకు కూడా ఇస్తాను. ఆ కొట్టు వెనక గదిలోనే ఉంటాను. పెళ్ళాం వదిలేసి వెళ్ళిపోయి చాలా కాలమైంది, ఈ కేసుకు ఆవిడతో సంబంధం లేదు. కుడి మణికట్టు విరిగి కట్టులో ఉంది కాబట్టి సంతకం చెయ్యలేను, ఎడమ చేతి బొటనవేలి ముద్ర వేస్తాను.

ఇదే విషయంలో పోయిన సోమవారం ఆసుపత్రిలో మీరు నా దగ్గర ఒక వాంగ్మూలం తీసుకున్నారు. అందులో రెండు అబద్ధాలున్నాయి. ఒకటి నేను చెప్పింది. రెండోది నేను చెప్పలేదు, మీరే రాసుకున్నారు, నేను ఊరుకున్నాను. ఆ రెండూ దిద్దడానికి నా అంతట నేనే వచ్చాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బతిమాలలేదు. కొంచెం ఓపిక పట్టి మొదటినుంచీ వినండి. నేను తిన్నగా మాట్లాడే మనిషిని కాను, అది ఊరందరికీ తెలుసు.

చనిపోయిన కెంజెబెక్ నాకు చిన్ననాటి స్నేహితుడు. అతనూ నేనూ ఒకే క్రీడా పాఠశాలలో సైకిల్ పందాలు నేర్చుకున్నాం. అతను గెలిచేవాడు, నేను అతని సైకిల్ తుడిచేవాణ్ణి. పద్దెనిమిదో ఏట అతని చూపు మందగించడం మొదలైంది. ఇరవై మూడో ఏటికి పూర్తిగా పోయింది. తరవాత ఒళ్ళు పట్టే పని నేర్చుకుని వైద్యశాలలో చేరాడు. అంధుల సంఘం వాళ్ళ బ్రష్షుల కార్ఖానాలో పనిచేసే రౌషాన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. పిల్లలు లేరు. ఈ కేసులో ఫిర్యాదీ ఆవిడే.

ఆరేళ్ళ కిందట పాత రైలు కట్ట మీద తారు పోసి ఈ బాట వేశారు. ఇక్కణ్ణించి అక్జార్ దాకా ఇరవై రెండు కిలోమీటర్లు. కారు రాదు, లారీ రాదు. తెల్లారేసరికి నడిచే ఆడవాళ్ళు, పరుగెత్తే పిల్లలు, చక్రాల బూట్లవాళ్ళు, చేతిలో కర్రలు పట్టుకుని యుద్ధానికి పోతున్నట్టు నడిచే పింఛనుదారులు. బాట తెరిచిన వారం కెంజెబెక్ నా కొట్టుకు వచ్చి, "ఒరే కళ్ళున్నోడా, నన్ను పరిగెత్తించరా" అన్నాడు. నన్ను ఆ పేరుతోనే పిలిచేవాడు. అతని మణికట్టుకూ నా మణికట్టుకూ ఒక తాడు కట్టుకుని పరుగెత్తేవాళ్ళం. అతను తన కంటే పొట్టివాడైన నన్ను లాక్కుపోయేవాడు. చూసేవాళ్ళకు ఎవరు ఎవరికి దారి చూపిస్తున్నారో అర్థమయ్యేది కాదు. పులిసిన గుర్రప్పాలు, అదే కూమిస్, అమ్మే ముసలమ్మ రోజూ అడిగేది.

"ఏమయ్యా, ఇవాళ గుడ్డివాడు ఎవరు?"

"వీడే అత్తా. వీడికి నా వేగం కనబడట్లేదు" అనేవాడు కెంజెబెక్.

రెండేళ్ళకు నా మోకాలు అరిగిపోయింది. అప్పుడు రెండు పాత సైకిళ్ళు కోసి, అతికించి, రెండు సీట్ల సైకిల్ ఒకటి తయారు చేశాను. ముందు నేను, వెనక అతను. ప్రతి ఆదివారం అక్జార్ వెళ్ళి, అక్కడ టీ తాగి, తిరిగి వచ్చేవాళ్ళం. నాకు ఆ బాట అంటే అతని వల్లే ఇష్టం. "ఇదుగో తుమ్మకంప అయిపోయింది, ఇక పోప్లార్ చెట్లు" అని అతనే ముందు చెప్పేవాడు, వాసన పట్టి. సరస్సు గాలి ముఖాన కొట్టగానే పెడల్ మీద లేచి నిలబడేవాడు. నేను కూర్చోరా అని తిట్టేవాణ్ణి. నిజానికి తిట్టాలనిపించేది కాదు.

ఈ వేసవి మొదట్లో అతను ఒక కోరిక కోరాడు. ముందు సీటులో కూర్చుంటానన్నాడు. నీకు పిచ్చెక్కిందేమిటన్నాను.

"సైకిల్ తొక్కడం నాకు నేర్పుతావేంటిరా? నీ కంటే బాగా తొక్కేవాణ్ణి. చేతులు మర్చిపోలేదు. నువ్వు వెనకనించి కుడి, ఎడమ అని చెప్పు. చాలు."

"పడితే?"

"పడితే లేస్తాం. పాతికేళ్ళయిందిరా నేను హ్యాండిల్ పట్టుకుని. అందరూ నన్ను బస్తాలా వెనకేసుకుని తిప్పుతున్నారు. ఒక్కసారి."

ఒక్కసారి అన్నాడు. నేను ఒప్పుకున్నాను. తొమ్మిదో కిలోమీటరు తరవాత బాట సరస్సు ఒడ్డున తాడు లాగినట్టు తిన్నగా పోతుంది, పొద్దున్నే మనుషులుండరు. అక్కడ దిగి సీట్లు మారాం. అతను అద్భుతంగా తొక్కాడు. బాట అంచున తెల్ల రంగు గీత ఉంది కదా, దాని మీదికి చక్రం ఎక్కితే చప్పుడు మారుతుందట, ఆ చప్పుడు పట్టుకుని నేను చెప్పకముందే సరిచేసుకునేవాడు. దిగాక కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు నటించాను, అతనికి అది కూడా తెలిసిపోయింది. "రౌషాన్‌కి చెప్పకురా, కంగారు పడుతుంది" అన్నాడు. చెప్పనని మాటిచ్చాను. ఒక్కసారి అన్నది నాలుగు ఆదివారాలయింది. పోయిన ఆదివారం నాలుగోది.

ఆ రోజు ఆరున్నరకు కొట్టు దగ్గర బయలుదేరాం. తొమ్మిదో కిలోమీటరు దగ్గర ఎప్పటిలాగే మారాం. ముందు సీటులో కూర్చున్నది కెంజెబెక్. వెనక నేను. మీరు ఆసుపత్రికి వచ్చినప్పుడు ముందు ఎవరున్నారని నన్ను అడగలేదు. అడగాలని మీకు తట్టలేదు, ఎవరికీ తట్టదు. చూపున్నవాడు నడిపాడు, చూపు లేనివాడు వెనక కూర్చున్నాడు అని రాసుకుని చదివి వినిపించారు. నేను ముద్ర వేశాను. ఇది నేను చెప్పని అబద్ధం.

బాట ఖాళీగా ఉంది. ఎండ అప్పుడే సరస్సు మీదికి వచ్చింది. దూరంగా పోప్లార్ చెట్ల నీడలు బాటకు అడ్డంగా పడి ఉన్నాయి, చారలు చారలుగా. కెంజెబెక్ మంచి హుషారులో ఉన్నాడు.

"ముందు ఏముందిరా?"

"ఏమీ లేదు. తిన్నగా పో."

"ఎవరూ లేరా?"

"కుక్క కూడా లేదు."

"అయితే నువ్వూ కళ్ళు మూసుకో."

"ఎందుకు?"

"ఒక్క నిమిషం. ఇన్నేళ్ళూ నేను నిన్ను నమ్మి కూర్చున్నాను కదా. ఇప్పుడు నువ్వు నన్ను నమ్మి కూర్చో. తెలుస్తుంది."

నేను మూసుకున్నాను.

ఎంతసేపని మీరు అడుగుతారు. నాకు తెలియదు. చాలాసేపు కాదు, కానీ తక్కువసేపు కూడా కాదు. ముందు భయం వేసింది. తరవాత భయం పోయింది. గాలి చప్పుడు, గొలుసు చప్పుడు, అతని ఊపిరి. అతని కాళ్ళు నా కాళ్ళను తిప్పుతున్నాయి. నేను అంత సంతోషంగా ఎప్పుడూ లేనని ఇక్కడ రాయండి. సిగ్గుగా ఉంది, అయినా రాయండి.

"ఏం కనబడుతోంది?" అన్నాడు.

"ఎర్రగా ఉందిరా. ఎండ కదా, రెప్పల్లోంచి అంతా ఎర్రగా."

"ఎరుపు నేను మర్చిపోయానురా. నిజంగానే. ఎలా ఉంటుందో చెప్పు."

నేను ఆలోచించాను. నిప్పులా అనబోయి, నిప్పు అతనికి వేడి మాత్రమే కదా అనుకున్నాను. ఇంకేం చెప్పాలా అని వెతుకుతున్నాను. చెప్పలేదు. చెప్పేలోపే గుద్దుకున్నాం.

ఆవు అడ్డం రాలేదు. ఆసుపత్రిలో మీరు, "ఆవు హఠాత్తుగా పొదల్లోంచి అడ్డం వచ్చిందా?" అని అడిగారు. నేను "వచ్చింది" అన్నాను. ఇది నేను చెప్పిన అబద్ధం. ఆవు పడుకుని ఉంది. రాత్రి చలికి తారు వెచ్చగా ఉంటుందని ఈ ఆవులు బాట మీదే పడుకుంటాయి, మీకూ తెలుసు, గస్తీకి వచ్చే మీ వాహనాలు కూడా హారన్ కొట్టి కొట్టి అలిసిపోతాయి. అది చెట్ల నీడలో, నీడ రంగులోనే, కదలకుండా పడుకుని ఉంది. కళ్ళు తెరిచి ఉంటే నాకు దగ్గరికి రాకముందే కనబడేది. ఎడమ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇన్నేళ్ళలో కొన్ని వేలసార్లు నేను అన్న మాటే అది.

నేను గడ్డిలో పడ్డాను. అతను హ్యాండిల్ మీదినించి ఎగిరి అవతల సిమెంటు గట్టు మీద పడ్డాడు. శిరస్త్రాణం ఉంది, తలకు ఏమీ కాలేదు. మెడ అన్నారు డాక్టరు. నేను పాక్కుంటూ వెళ్ళి పిలిచాను. పలకలేదు. ఆవు లేచి నిలబడి మమ్మల్ని కాసేపు చూసి సరస్సు వైపు వెళ్ళిపోయింది. ఆ ఆవు జుమఘలి తాతది. ఆయనకు డెబ్భై ఒకటో రెండో ఉంటాయి. నా మాట పట్టుకుని సోమవారం మీరు ఆయన్ని లోపల వేశారు. ఇవాళ శనివారం. ఆయన ఇంకా ఈ గోడ అవతలే ఉన్నాడు. ఇందాక దగ్గు వినబడింది.

మంగళవారం కెంజెబెక్‌ని పూడ్చారు. నేను ఆసుపత్రిలో ఉన్నాను, పిడికెడు మట్టి వెయ్యలేకపోయాను.

నేను ఎందుకు ఊరుకున్నానంటే, మాటిచ్చానని నాకు నేను చెప్పుకున్నాను. గుడ్డివాడు ముందు కూర్చుని సైకిల్ తొక్కాడని తెలిస్తే ఊరు నవ్వుతుంది, చచ్చిపోయినవాడి మీద నవ్వుతుంది అనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, నా కళ్ళ సంగతి బయటికి రాకూడదని. ఈ సగం ఎక్కువ బరువు.

నిన్న శుక్రవారం మధ్యాహ్నం జుమఘలి తాత భార్య నా కొట్టుకు వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిడితే బాగుండేది. తల మీద గుడ్డ సర్దుకుని, చేతిలో మూటకట్టిన పళ్ళెంతో గుమ్మంలో నిలబడింది. మీకు చెప్పక్కర్లేదు, శుక్రవారం మనం చనిపోయినవాళ్ళ పేరు చెప్పి నూనెలో ఏడు రొట్టెలు వేయించి పంచుతాం. మనింట్లో పోయినవాళ్ళకు చేస్తాం. ఆవిడ కెంజెబెక్ పేరు మీద చేసింది. ఆవిడ అతన్ని ఎప్పుడూ చూడను కూడా చూడలేదు.

"నాయనా, నీ నేస్తం పేరు చెప్పి వేయించాను. ఆ ఇల్లాలి ముందుకెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు, అందుకని నీ దగ్గరికి తెచ్చాను. మా గొడ్డు మూలంగా ఆ ఇల్లు చీకటైంది. మా ముసలాయన తరపున మన్నించు" అంది.

"కూర్చో అమ్మా" అన్నాను.

"కూర్చుంటే ఎట్లాగయ్యా, పాలు పిండాలి. చేతులు రెండే మిగిలాయి ఇంట్లో. ఒకటి తిను, నీ నోట్లో పడితే అతనికి చేరుతుంది."

ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. మింగలేకపోయాను. ఆవిడ ఎదురుగా నిలబడి చూస్తోంది. ఉమ్మలేకపోయాను కూడా. ఆవిడ వెళ్ళేదాకా ఆ ముక్క బుగ్గలో పెట్టుకుని తల ఊపాను. ఆ తరవాత కొట్టు మూసేశాను.

ఇవాళ పొద్దున ముందుగా రౌషాన్ ఇంటికి వెళ్ళాను. మీ దగ్గరికి వచ్చే ముందు ఆవిడకు చెప్పడం ధర్మం అనిపించింది. చట్ట ప్రకారం తప్పయితే అది కూడా రాసుకోండి. ఆవిడ టీ పోసింది. కప్పు అంచున వేలు పెట్టి నిండిందో లేదో చూసుకుని నా ముందు పెట్టింది. నేను తలొంచుకుని, "చెల్లెమ్మా, ఆ రోజు ముందు కూర్చున్నది వాడు" అన్నాను.

"తెలుసు" అంది.

నేను తలెత్తి ఆవిడ వైపు చూశాను.

"నాలుగు వారాల్నించీ తెలుసన్నా. ఆదివారం ఇంటికొచ్చాక మొహం తడిగుడ్డతో తుడిచేదాన్ని నేనే కదా. ఇన్నేళ్ళూ శుభ్రంగా ఉండేది. ఆ మూడు ఆదివారాలూ నుదుటి నిండా, కనుబొమల నిండా సరస్సు పురుగులే. వెనక కూర్చున్నవాడి మొహానికి పురుగులెందుకు తగులుతాయి? ఒకసారి పంటి సందులో కూడా ఒకటి ఉంది. పైగా ఈలలు వేసుకుంటూ వచ్చాడు. నేను అడగలేదు. అడిగితే మానేస్తాడని."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకోకేం చెయ్యను? పెళ్ళయ్యాక ఈల వెయ్యగా వినలేదు ఎప్పుడూ. అయినా నువ్వున్నావు కదా వెనక. చూస్తుంటావు కదా."

అప్పుడు మిగతాది చెప్పాను. ఇక్కడ చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను. ఆవిడ మొత్తం విని, "అంటే అప్పుడు ఎవరు చూస్తున్నారు?" అంది.

"ఎవరూ చూడట్లేదు" అన్నాను.

"మా ఇద్దరికీ కలిపి ఉన్నవి ఆ రెండు కళ్ళే అన్నా. అవి కూడా మూసేసుకున్నావా?"

ఆవిడ లేచి, తడుముకుంటూ వచ్చి, నా ముందున్న కప్పు తీసేసింది. టీ ఇంకా తాగలేదు నేను. "ఆ ముసలాయన్ని ఇంటికి పంపించెయ్యమని చెప్పు. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. ఆయన ఆవు మీద నాకేం కోపం లేదు, మా ఆయన మీదా లేదు. నువ్వు మాత్రం ఇంక మా గుమ్మం ఎక్కకు" అంది. ఎక్కనన్నాను. తలుపు తనే వేసుకుంది.

అందుచేత నేను కోరేది ఏమిటంటే, జుమఘలి తాతను ఈ పూటే వదిలిపెట్టండి. ఆవు ఎక్కడ పడుకుందో అక్కడే ఉంది. సైకిల్ తొక్కినవాడు చక్కగానే తొక్కాడు. చూడవలసినవాణ్ణి నేను, నేను చూడలేదు. దీనికి చట్టంలో ఏ సెక్షను ఉందో నాకు తెలియదు, మీరు వెతకండి. నేను కొట్టు దగ్గరే ఉంటాను.

ఈ కాగితం ఫిర్యాదీకి చదివి వినిపిస్తారని మీరు చెప్పారు. ఆవిడ స్వయంగా చూసుకోలేదు, చదివేవాళ్ళ మాట నమ్ముకోవాలి. నా మీద జాలిపడి ఎక్కడా ఏ ముక్కా దాటెయ్యకండి. ముఖ్యంగా నేను సంతోషంగా ఉన్నానన్న చోట.

రాసింది నాకు రెండుసార్లు చదివి వినిపించారు. ఈసారి కళ్ళతో కూడా వెంట చదువుకున్నాను. ఇది నిజం.

మౌలెన్ ఒరజొవ్, ఎడమ చేతి బొటనవేలి ముద్ర
కరాసు, శనివారం మధ్యాహ్నం