పెన్సిల్ తగలని ఫోటో

ఆగాగు, తుడవకు. అది ఫోటోకి పట్టిన మరక కాదమ్మా, మా అక్క మొహమే అంత. ఎడమ చెంప నుంచి మెడ దాకా. నువ్వు పుట్టకముందే పోయిందిలే, నీకు తెలీదు. ఆ కాలిన మచ్చ పదహారో ఏట, కిరసనాయిలు స్టవ్వు పేలినప్పటిది. ఏంటీ, ఫోనులో నున్నగా చేసేస్తావా? చేస్తావు, మీకేం! మా నాన్న ఆ పని ఫోను లేకుండానే చేసేవాడు. స్టూడియో కదా మాది. ముందు గదిలో స్టూలూ తెరా, లోపల చీకటి గది. ఫోటోలు కడిగే ఆ మందుల వాసనకి మాకు అన్నం కూడా అదే వాసన వేసేది... సరే, అదలా ఉంచు. నాన్న నెగటివ్‌ని అద్దం బల్ల మీద పెట్టుకుని, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మచ్చలూ ముడతలూ మాయం చేసేవాడు. ఎవరూ అడగక్కర్లేదు, ఆయన అలవాటది. మాంసం కొట్టాయన ఒకసారి తన ఫోటో చూసుకుని, "అయ్యా, ఈయనెవరో గానీ మా ఆవిడకి చూపించకండి, నన్నొదిలేసి ఈయనతో పోతుంది" అన్నాడు.

అక్కా? ఆస్పత్రి నుంచి వచ్చాక జడ ఎడమ భుజం మీదుగా ముందుకేసుకుని, ఆ చెంప గోడవైపు పెట్టుకుని కూర్చునేది. నన్ను తిట్టడం మాత్రం మానలేదు. గుమ్మం దాటేది కాదు గానీ, పరీక్షలు రాస్తానంది. పరీక్ష కార్డుకి ఫోటో కావాలి కదా, నాన్న తీశాడు. మధ్యాహ్నమంతా తలెత్తకుండా పెన్సిల్ పట్టుకు కూర్చున్నాడు. చెంప నున్నగా వచ్చింది. "నా తల్లి ఎప్పట్లాగే ఉంది" అని అమ్మ మురిసిపోయింది. అక్క దాన్ని కార్డుకి అంటించుకుంది.

పరీక్ష రోజు నేనూ అక్కా నాన్నల వెంట వెళ్లాను. గేటు దగ్గర మేష్టారు కార్డు చూస్తాడు, అక్కని చూస్తాడు. "ఎవరమ్మా ఈ పిల్ల? ఎవరి బదులు రాయడానికొచ్చావు?" నాన్న పరిగెత్తాడు. "మా అమ్మాయేనండీ, నేనే దిద్దాను." "దిద్దారా! మీ నోటితో మీరే ఒప్పుకున్నారుగా, పక్కకి జరగండి." లోపల గంట కొట్టేశారు. ఏడాది చదువు పోయేట్టుంది, నాన్న చేతులు నలుపుకుంటున్నాడు. అప్పుడు అక్క ఏం చేసిందనుకున్నావు? జడ వెనక్కి విసిరేసింది, అంతమంది ముందూ. ఫోటోలో ఆ చెంప వైపు బొటనవేలితో మూసింది, అరచేత్తో తన చెంపా మూసుకుంది. "ఇప్పుడు చూడండి మేష్టారూ." చూశాడు. చెయ్యి తీసేసింది. "ఇది కూడా నేనే. ఫోటోలో లేదు, అంతే. వెళ్లనా?" ఆయన తప్పుకున్నాడు.

ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా స్టూలెక్కి కూర్చుంది. "ఇంకోటి తియ్యి నాన్నా. పెన్సిల్ ముట్టుకోకు." "ఎందుకమ్మా ఇప్పుడు..." "రేపూ పరీక్షుంది. రోజూ సగం మొహం మూసుకుని నిలబడనా?" ఇదే ఆ ఫోటో. కళ్లు చూడు, కోపంగా లేవూ? లెక్కలు సరిగ్గా రాయలేదు, అందుకని.

తర్వాత స్టూడియో తనే నడిపింది. స్టూలెక్కిన ప్రతివాళ్లనీ ముందే అడిగేది, "ఉంచనా, తీసెయ్యనా?" అని. నా పెళ్లి ఫోటోకి నన్నూ అడిగింది, ముక్కు మీది ఈ పులిపిరి గురించి. తీసెయ్యమన్నాను. నవ్వి తీసేసింది...

ఊఁ. ఆ మూల నలిగింది చూడు, అది బాగుచెయ్యి కావాలంటే. చెంప జోలికి పోకు. ఆ కిటికీ కాస్త తియ్యమ్మా, ఉక్కగా ఉంది.