ఈగ మీసాలు చూసిన కళ్ళు

ఆ సెలూన్‌లో కుర్చీలు రెండు. అద్దానికి కుడివైపుది తండ్రిది, ఎడమవైపుది కూతురిది. గోడ వారగా వేసిన బెంచీ మాత్రం వీధిలో అందరిదీ. పొద్దున్నే పక్క కొట్టు నుంచి టీ గ్లాసులు వచ్చేసరికి జుట్టు పెరిగినవాళ్ళూ పెరగనివాళ్ళూ కూడా అక్కడే చేరేవాళ్ళు, ఎందుకంటే ఆ పెద్దాయనకి కత్తెర కంటే నోరు జోరుగా ఆడేది. వీధి వీధంతా ఆయన్ని కోతల మావయ్య అనేది. ఆయన దాన్ని బిరుదు కింద లెక్కేసుకుని మురిసిపోయేవాడు, ఎవరైనా ఉత్త మావయ్య అని పిలిస్తే కాస్త చిన్నబుచ్చుకునేవాడు కూడా.

ఆ వేళ కూతురికి ఆ కబుర్లేవీ చెవికెక్కడం లేదు. మధ్యాహ్నం కంటి ఆసుపత్రిలో ఆయనకి పరీక్ష ఉంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి, అది డాక్టరు చెప్పక్కర్లేదు, ఎండలో నిలబెడితే నల్లగుడ్డు మీద పాలచుక్క పడ్డట్టు ఆమెకే కనిపిస్తోంది. ఇదివరకు తీసుకెళ్దామన్నప్పుడల్లా ఓ రోజు కడుపులో బాగాలేదన్నాడు, ఓ రోజు గిరాకీ పోతుందన్నాడు, ఓ రోజైతే చెప్పులు వెతుక్కుంటూ వెనక గుమ్మంలోంచి జారుకుని చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. ఈసారి తప్పించుకోనివ్వకూడదని ఆమె పట్టు.

ఆయన భయం ఏమిటో కూడా ఆమెకి తెలుసు. ఆపరేషన్ అంటే భయం కొంతే. నీకు చూపు తగ్గింది అని ఒక్కసారి డాక్టరు నోటితో అనిపించుకుంటే ఇక తన కుర్చీ తనది కాదని ఆయన బెంగ. ఆ బెంగ చూస్తే ఆమెకి కోపం పోయి జాలేసేది.

సరిగ్గా అప్పుడే కొరియర్ పార్సిళ్ళు పంచే అతను గడ్డం చేయించుకుందామని లోపలికొచ్చాడు. ఈ వీధికి కొత్త. ఆమె ఇటు రండి అనేలోపే వెళ్ళి తండ్రి కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తీసి అద్దం ముందు పెట్టాడు. బెంచీ మీద కూర్చున్న రిటైరైన బస్సు కండక్టరూ, ఇస్త్రీ బండి అతనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తెలిసినవాళ్ళెవరూ ఈ మధ్య ఆయన చేత గడ్డం గీయించుకోవడం లేదు. గడ్డం ఇంట్లోనే అయిపోయింది మావయ్యా, జుట్టు మాత్రం కాస్త చూడు అనేవాళ్ళు.

పెద్దాయన బ్రష్షు కోసం తడుముకుంటుంటే చేతికి కళ్ళజోడు తగిలింది. ఇంకేముంది, మాట దొరికింది.

"ఈ వయసుకే జోడేంటి బాబూ?" అన్నాడు నురుగు పట్టిస్తూ. "నాకూ నలభై దాటగానే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనపడేవి. అద్దాల షాపాయన జోడు తప్పదన్నాడు. నా ముక్కు నీ జోడు మొయ్యడానికి పుట్టలేదయ్యా అని లేచొచ్చేశా. ఇంటికొచ్చి ఏం చేశానంటావ్? బ్రహ్మవిద్యేం కాదు, అన్నీ ఇంట్లో ఉన్నవే. తెల్లారగానే చన్నీళ్ళతో కళ్ళు కడుక్కోవడం, అరచేతులు వేడెక్కేదాకా రుద్దుకుని మూసిన కళ్ళ మీద పెట్టుకోవడం, బొటనవేలు ముక్కు ముందు పెట్టుకుని దాన్ని కాసేపు, దూరంగా ఉన్న చెట్టుని కాసేపు చూడటం. మీ అత్తయ్య రోజూ ఆకుకూర వండేది, క్యారెట్లు పచ్చివే నమలమనేది, మధ్యాహ్నం నన్ను పడుకోబెట్టి కళ్ళ మీద కీరా ముక్కలు పెట్టేది. కొన్నాళ్ళకి పేపర్లో సన్నక్షరాలు కూడా కడిగిన ముత్యాల్లా కనపడ్డాయంటే నమ్ము."

ఇంతవరకూ చాలావరకు నిజమే. అమ్మ కీరా ముక్కలు పెట్టి అటు తిరగ్గానే తను నాన్న కంటి మీద ముక్క లాక్కుని నమిలేసేది, ఆయన కళ్ళు మూసుకునే ఎవరా దొంగ అని నవ్వేవాడు. అది గుర్తొచ్చి కూతురు కాస్త మెత్తబడింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు పెద్దాయన.

కండక్టరు టీ గ్లాసు పక్కన పెట్టి, ఇప్పుడు గేరు మారుస్తాడు చూడు అని ఇస్త్రీ అతని చెవిలో గొణిగాడు.

"చూపు అక్కడితో ఆగలేదు. ఎదురు మందుల షాపులో సీసా మీద రాసింది నేనిక్కడ నిలబడి చదివేవాణ్ణి. షాపాయన గడువు దాటిన మందు అమ్మబోతే ఇక్కణ్ణుంచే కేకేసేవాణ్ణి. ఇంకా కొన్నాళ్ళకి ఏమైందంటే, జుట్టు కత్తిరిస్తుంటే వెనకాలే మొలుస్తున్నది కనపడటం మొదలైంది. మీకు నెలకి తెలిసేది నాకు క్షణక్షణం కనపడేది. మరి ఎక్కడ ఆపాలి? కత్తిరించిన చోటే మళ్ళీ మొలుస్తుంటే మళ్ళీ కత్తిరించేవాణ్ణి. ఈ కండక్టర్నే అడుగు, పొద్దున కూర్చోబెడితే సాయంత్రం దాకా లేవనివ్వలేదు."

"నిజమే బాబూ," అన్నాడు కండక్టరు తల నిమురుకుంటూ. "ఈ బట్టతల ఆ రోజు వచ్చిందే."

కొరియర్ అతను నురుగులోంచే నవ్వాడు. పెద్దాయన మంగలికత్తి అందుకున్నాడు. కూతురు తన కుర్చీ దగ్గర్నుంచి ఒక్క అంగలో వచ్చి, బ్లేడు పాతదైంది నాన్నా, మార్చిస్తాను ఇలా తే అని చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. కత్తి గాల్లో తిప్పుతూ గుమ్మంలోంచి కనపడే వీధి చివరి నీళ్ళ టాంకు వైపు చూపించాడు.

"ఆ టాంకు మీద ఓ రోజు ఈగ వాలింది. అందరికీ టాంకు కనపడింది, నాకు ఈగ కనపడింది, ఈగకి మీసాలు కనపడ్డాయి. చూద్దును కదా, ఎడమ మీసం కాస్త పొడుగ్గా ఉంది. మన పని అదే అయినప్పుడు చెయ్యి ఊరుకుంటుందా? కత్తెర పుచ్చుకుని టాంకు నిచ్చెన సగం ఎక్కేశా. మీ అత్తయ్య కింద నిలబడి గగ్గోలు పెడితే దిగొచ్చాను గానీ, లేకపోతే ఆ ఈగ సమానమైన మీసాలతో దర్జాగా ఎగిరిపోయేది."

"పాపం, అది ఎంతసేపు కాచుకుని కూర్చుందో," అన్నాడు ఇస్త్రీ అతను.

అంటూ అంటూ అలవాటుగా తన ఎడమ చెవి పక్క చెయ్యి పెట్టుకున్నాడు. ఆ వీధిలో మగవాళ్ళందరికీ ఎడమ చెవి పక్క జుట్టు కుడివైపు కంటే వేలెడు కిందకి దిగి ఉంటుంది. పెద్దాయనకి ఎడమ కన్ను ముందు మసకబారింది, దాంతో కోత అటు ఒరిగింది. బయటి ఊరివాళ్ళు చూసి ఇదేదో ఈ వీధి ఫ్యాషన్ అనుకునేవాళ్ళు. ఆయన భోజనానికి ఇంటికెళ్ళగానే వీళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూతురి కుర్చీలో కూర్చుని మరీ వంకరగా ఉన్నంత మేర మాత్రం సరిచేయించుకుని వెళ్ళేవాళ్ళు. ఎవరూ ఎవరితోనూ చెప్పుకుని చేసింది కాదు. ఆయన మనసు నొప్పించడం ఎవరికీ ఇష్టం లేదు, అంతే. అలా ఊరుకోవడం వల్లే ఆయన కళ్ళు ఇంతదాకా వచ్చాయని ఆమెకి వాళ్ళ మీద కోపంగానూ ఉండేది, వాళ్ళని చూస్తే కడుపు నిండినట్టూ ఉండేది.

పెద్దాయన కోతలు మాత్రం ఆగలేదు. చూపు అంతకంతకీ ముదిరి చివరికి రెప్పలు మూసినా రెప్పల్లోంచి కనపడేదట. పడుకుంటే పైకప్పు, పైకప్పులోంచి చుక్కలు, ఇక నిద్రెక్కడిది? ఆయన భార్య తువ్వాలు మడతపెట్టి కళ్ళకి కడితే తువ్వాల్లో పోగులు కనపడుతూ కూర్చున్నాయట. ఆవిడ కూరగాయల బజారుకెళ్తే ఇంట్లో కూర్చుని ఆవిడ బుట్టలోకి చూసి, ఆ వంకాయలో పురుగుంది తియ్యవే అని అరిచేవాడట. ఆవిడ విసిగిపోయి క్యారెట్లు కొనడం మానేసిందట, చూపు కాస్త తగ్గితే గానీ కాపురం చెయ్యలేనని.

"అన్నిటికంటే గొప్పది వినండి," అన్నాడు పెద్దాయన, గొంతు కాస్త పెంచి, కూతురున్న వైపు తల తిప్పి. అది తనకోసమేనని ఆమెకి తెలిసిపోయింది. "ఓ రోజు అద్దంలో చూసుకుంటుంటే నా కంట్లో శుక్లం మొలవబోతూ కనపడింది. డాక్టర్లకి కూడా కనపడనంత చిన్నది, నాకు కనపడింది. నా కంట్లో నీకేం పనే అని కసిరి, అరచేతులు రుద్ది వేడి పట్టాను. మంచుముక్కలా కరిగి కన్నీళ్ళలో కొట్టుకుపోయింది. డాక్టరు లేడు, ఆపరేషన్ లేదు. ఇంట్లో కూర్చుని తీసేసుకోవాల్సినదానికి జనం ఆసుపత్రుల చుట్టూ ఎందుకు తిరుగుతారో నాకర్థం కాదు."

కుర్చీలో ఉన్న కొరియర్ అతను లేచి నిటారుగా కూర్చున్నాడు.

"నిజంగా కరిగిపోతుందా అండీ?" అన్నాడు. అతని గొంతులో వేళాకోళం లేదు. "మా అమ్మకి ఇవాళ మధ్యాహ్నం ఇక్కడి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్. నిన్నటినుంచి ముద్ద ముట్టలేదు, కంట్లో కత్తి పెడతారని ఒకటే ఏడుపు. ఇంట్లోనే తగ్గిపోతుందంటే ఆవిడ ప్రాణం లేచొస్తుంది. వద్దని ఇప్పుడే చెప్పేస్తాను." ఒంటి మీద కప్పిన గుడ్డ కిందనుంచి ఫోన్ తీశాడు.

కండక్టరు ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నాన్నకే చూపు లేదన్న మాట కూతురికి నోటిదాకా వచ్చింది. అంటే నలుగురిలో నాన్న తల వంచుకుంటాడు, అనకపోతే ముక్కూమొహం తెలియని ఓ తల్లి కళ్ళు పోతాయి. ఇక తప్పదని ఆమె నోరు తెరిచేలోపే ఆయన కత్తి మడిచిన చప్పుడు వినపడింది.

"ఫోన్ లోపల పెట్టు బాబూ," అన్నాడు పెద్దాయన. "నీ మొహం నాకు కనపడట్లేదు. దాని మీద నురుగుందని తెలుసు, రాసింది నేనే కాబట్టి. నువ్వు నల్లగా ఉంటావో తెల్లగా ఉంటావో చెప్పమంటే చెప్పలేను, పొగ వెనకాల కూర్చున్నట్టున్నావు." చేతికంటిన నురుగు తుడుచుకుని మళ్ళీ అన్నాడు. "చన్నీళ్ళు మంచివే, ఆకుకూర మంచిదే, కళ్ళకి విశ్రాంతి మంచిదే. నువ్వూ తిను, మీ అమ్మగారికీ పెట్టు. కానీ శుక్లం వాటికి లొంగదు. లొంగేదైతే ముందు నాకే లొంగాలి, నేను చెయ్యనిది లేదు. ఆవిణ్ణి తీసుకెళ్ళు."

ఆయన చేత్తో వెతుక్కుని కూతురి అరచేయి పట్టుకుని అందులో కత్తి పెట్టాడు. ఈ బాబు గడ్డం నువ్వు చెయ్యమ్మా అన్నాడు. ఎన్నాళ్ళనుంచో ఆమె కోరుకున్నది అదే. తీరా కత్తి చేతిలోకి వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగి ఆమెకీ ఏమీ కనపడలేదు.

"కుర్చీ నీదే నాన్నా," అంది. "చూపొచ్చేదాకా కాపలా కాస్తాను. ఒక్కరోజు కూడా ఎక్కువ ఉంచుకోను."

ఆయన తలూపి బెంచీ మీదకెళ్ళి కండక్టరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. కాసేపయ్యాక కొరియర్ అతన్ని పిలిచి, మీ అమ్మగారికి చెప్పు, నేనూ అక్కడికే వస్తున్నాను, పక్కనే కూర్చుంటానని చెప్పు అన్నాడు.

మధ్యాహ్నం కంటి ఆసుపత్రి వరండాలో అలాగే కూర్చున్నారు. అటు చివర కొరియర్ అతను, వాళ్ళమ్మ, ఇటు పెద్దాయన, కూతురు. ఆవిడ కళ్ళలో చుక్కలు వేయించుకుని చీర కొంగు మెలిపెడుతోంది. పెద్దాయన కూతురి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే ఆమె వేళ్ళు తిమ్మిరెక్కాయి.

"నొప్పి పుడుతుందంటారా అన్నయ్యగారూ?" అని ఆవిడ సన్నగా అడిగింది.

"నొప్పా?" అన్నాడు పెద్దాయన, గొంతు సవరించుకుని. "చీమ కుట్టినట్టు కూడా ఉండదమ్మా. ఇలాంటివి నాకు ఇప్పటికి పది అయ్యాయి. ఆఖరిసారైతే మధ్యలో నిద్రపట్టి గురక పెట్టాను. పక్క గదిలో రోగులు బెదురుతున్నారు లేవండి బాబూ అని డాక్టరు బతిమాలుకున్నాడు."

మామూలుగా ఇలాంటప్పుడు నాన్నా ఇక చాలు అనడం కూతురి వంతు. ఆవిడ మొహం కూతురి వైపు తిప్పి నిజమా అన్నట్టు ఎదురుచూసింది.

"నిజమేనండీ," అంది కూతురు. "పదీ నేనే దగ్గరుండి చేయించాను."

ఆవిడ కొంగు వదిలేసి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"పదెలా అన్నయ్యగారూ? మనిషికి ఉండేవి రెండు కళ్ళేగా?"

ఆ మాటకి ముందు కొరియర్ అతను ఫక్కున నవ్వాడు, తర్వాత కూతురు. జవాబు కోసం పెద్దాయన నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి ఏమీ దొరక్క మూసేసుకుని తనూ నవ్వాడు. ఆ నవ్వుకి ఆవిడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. నర్సు వచ్చి పిలిచేటప్పటికి ఇంకా నవ్వుతూనే ఉంది. లేచి, కొడుకు చెయ్యి పట్టుకుని తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"చూపు రానివ్వండి, మిగతా ఎనిమిది కళ్ళూ ఎక్కడ దాచారో నేనే వెతుకుతాను. మీరెక్కడికీ వెళ్ళకండి."

ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు.