గువ్వల కేసులో మేష్టారి నాలుగు పేజీలు

కౌల్ బజార్‌లో దుర్గక్క టీ అంగడి ముందు బెంచీ మీద శంకరనారాయణ తలొంచుకుని కూర్చున్నాడు. వాళ్ల నాయన బొమ్మ గీయించి మొదలుపెట్టిన రెండు గువ్వల టీ పొడిని కాపీ కొట్టారని తను వేసిన కేసును పోయిన వారమే కోర్టు కొట్టేసింది. మూడు గువ్వల బొమ్మేసిన ఎదుటి కంపెనీ ఇక దర్జాగా అమ్ముకోవచ్చు. ఆ కేసులో చట్టం తెలిసిన నిపుణుడిగా అభిప్రాయం రాసిచ్చిన రిటైర్డు లా కాలేజీ మేష్టారు గురుప్రసాద్ పక్కనే కూర్చున్నాడు. ఆయన మాటలు మాత్రం ఇంకా కోటలు దాటుతూనే ఉన్నాయి.

“నేను రాసింది నాలుగే పేజీలప్పా. మొదటి పేజీ చదివి జడ్జి సాహేబ్రు కళ్లద్దాలు తుడుచుకునె, రెండో పేజీకి లేచి నిలబడె, ఆ తర్వాత ఏమాయనో తెలుసునా?”

“ఏమాయ సార్?” అన్నాడు ఆటో నడిపే అంజినప్ప.

“కుర్చీ దిగొచ్చి, మీరు కూచోండి మేష్ట్రే, ఈ చట్టం మీకు తెలిసినంత మాకు యాడ తెలుసు అనె. ఎదుటి వకీలు నల్లకోటు ఇప్పి నాకు తొడిగె. నేను మూడో పేజీ చదవతా ఉంటే, వాళ్ల ప్యాకెట్టు మీద మూడో గువ్వ ఉండాది చూడు, అది సిగ్గుపడి ఎగిరిపోయి ఫ్యాను మీద కూచునె. బంట్రోతు కట్టె పట్టుకోని తరిమినా దిగల్యా. నాలుగో పేజీకి ఢిల్లీ నుంచి ఫోను, చట్టం పుస్తకాలు అచ్చేసేది నిలిపినాము, మీ పేజీలు పంపిస్తే కలిపి కుడతామని.”

“అయితే కేసు గెలిచినట్టే కదా సార్?” అన్నాడు అంజినప్ప.

కోర్టులో జరిగింది శంకరనారాయణకు తెలుసు. జడ్జి ఆ పేజీలు తిప్పనైనా లేదు. చట్టం ఏమంటుందో చెప్పడానికి నేనున్నాను, ఈ అభిప్రాయం సాక్ష్యంగా తీసుకోను, ఆ బొమ్మ చూసి మోసపోయి కొన్నవాళ్లు ఒక్కరుంటే పిలవండి అన్నాడు. పిలవడానికి ఎవరూ లేకపోయారు.

దుర్గక్క గ్లాసులు కడగడం ఆపింది.

“మోసపోయింది నేను గదా సార్. శంకరప్పదే అనుకోని మూడు గువ్వల ప్యాకెట్టు తెచ్చి, వారం దినాలు గిరాకీలతో తిట్లు తింటి. కోర్టుకొచ్చి చెప్తానంటి. చదువు రాని టీ అంగడిదాని మాట ఆడ నిలవదు, నా పేజీలు చాలంటిరి.”

గురుప్రసాద్ బెంచీ మీంచి లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

దుర్గక్క శంకరనారాయణ వైపు తిరిగింది. “నువ్వూ ఈ బెంచీ మీదే కూచోని, మేష్టారు చెప్పినంక నువ్వెందుకులే అక్కా అంటివి గదప్పా.”

మేష్టారివి కోతలని ఊరందరికీ తెలుసు, తనకూ తెలుసు. తెలిసీ నమ్మినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“అంటినక్కా,” అన్నాడు శంకరనారాయణ.