ఎడమ స్పీకర్

ముందుగది, ఆదివారం మధ్యాహ్నం. బల్ల మీద పాత రికార్డ్ ప్లేయర్. పాతది అనడమే గానీ, అందులో ఇప్పుడు పాతవి చెక్కపెట్టె, మూత మాత్రమే. బస్సు డిపోలో పెద్ద మెకానిక్ అయిన భర్త దాని మీదికి వంగి కొత్త సూది బిగిస్తున్నాడు. భార్య టార్చి పట్టుకుని నిలబడింది.

"కొంచెం ఇటు. ఇటంటే అటు కాదు. వెలుగు సూది మీద పడాలి."

"సూది మీదే పడుతోంది. మీ తల అడ్డం."

"తల తీసి పక్కన పెట్టమంటావా?"

"పెట్టండి. దానికీ కొత్త పార్ట్ దొరుకుతుందేమో చూద్దాం."

"నవ్వించకు, చెయ్యి కదులుతుంది. ఈ స్క్రూ చూశావా, ఆవగింజంత లేదు. కింద పడిందంటే ఇల్లంతా ఊడవాలి."

"పోయినసారి ఊడ్చాం కదా. నా కుట్టుమిషను కింద దొరికింది."

"అది వేరే స్క్రూ. ఈ సూది ఒరిజినల్ కంటే మంచిదట. కంపెనీవాళ్ళు మిషనుతో ఇచ్చింది ఉత్త దండగని, వాడినవాళ్ళంతా రాశారు."

"మ్యాట్ కొన్నప్పుడూ అదే మాట రాశారు."

"మ్యాట్ సంగతి వేరు. రికార్డు కింద రబ్బరుది తీసేసి కార్కుది వేస్తే అదరదు."

"బెల్టు?"

"సాగిపోయింది, మార్చాను."

"వెనకాల ఆ ఇత్తడి బరువు?"

"అది తూకం కోసం. సూది ఎంత నొక్కాలో అంతే నొక్కుతుంది. ఎన్నిసార్లు చెప్పినా నీ తలకెక్కదు."

"బాగానే ఎక్కింది. కాళ్ళ కింద బిళ్ళలు మార్చారు, వైర్లు మార్చారు. మీరు తక్కువ వినపడుతోంది అనే ఆ ఎడమ స్పీకర్ మాత్రం అలాగే ఉంది."

"ఈ సూదితో అదీ దారికొస్తుంది."

"రాకపోతే?"

"రాకపోతే సూదిని పట్టుకునే ఈ చెయ్యే మారుద్దాం. మొత్తం చెయ్యి. ఆర్డరు పెడితే వారంలో వస్తుంది."

"ఎందుకండీ ఇదంతా? నా తల ప్రాణం తోకకొస్తోంది."

"పార్సిల్ వచ్చేదాకా నాకు నిశ్చింతగా ఉంటుందే. అంతే. టార్చి దించకు. ఆఁ, అయింది. రికార్డు పెట్టు. అంచులు పట్టుకో, మధ్యలో వేలు..."

"మధ్యలో వేలు పెట్టను. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా పెట్టానా? ఏది కావాలి?"

"ఆ వయొలిన్‌ది. అందులో రెండువైపులా సమంగా వస్తుంది."

"ముందు మీ కుర్చీలో కూర్చోండి."

"కూర్చున్నాను. మాట్లాడకు."

"మాట్లాడట్లేదు."

"ష్."

"ఎలా ఉంది?"

"కుడివైపు అబ్బో! విల్లు తీగ మీద రాసుకోవడం కూడా వినపడుతోంది."

"ఎడమవైపు?"

"కాస్త మెరుగు."

"మెరుగా?"

"లేదు. అలాగే ఉంది. పక్కింట్లో తలుపులేసుకుని వాయిస్తున్నట్టుంది. నీకూ అంతేగా?"

"నన్నడక్కండి."

"ఎప్పుడూ చెప్తావుగా, అవునండీ తక్కువే అని."

"ఇవాళ ఓపిక లేదు. ఆపండి దాన్ని."

"ఆపాను. ఏమైంది నీకు? పొద్దున్నుంచీ మొహం అలా పెట్టావు."

"నిన్న మా కుట్టు కేంద్రానికి డ్రైవర్ భార్య వచ్చింది. మీ పొడుగాయన భార్య."

"ఆవిడా? ఏం కుట్టించుకుంటుందట?"

"ఏమీ లేదు. బస్సు సంగతి చెప్పి వెళ్ళింది."

"ఏ బస్సు? ఆ రికార్డు కవర్లో పెట్టు, దుమ్ము పడుతుంది."

"వంతెన దిగుతుంటే వెనక చక్రం పట్టేసిన బస్సు."

"ఓ, అదా. బేరింగు పోయింది. ఇనుమే కదా, పోతుంది. ఎవరికీ ఏమీ కాలేదు, జనం దిగి నడిచి వెళ్ళారు."

"నాతో చెప్పలేదేం?"

"చెప్పేంత పెద్ద విషయం కాదు."

"మీరే చూసి పంపారట."

"చూసే పంపాను. స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి ఇంజనంతా విన్నాను. ఎక్కడా తేడా లేదు."

"ఇంజను కాదు. వెనక చక్రం గరగరమంటోందని ఆయన మీతో చెప్పాడట. మీరు తలూపి, సరే పో అన్నారట."

"వాడు నాతో అనలేదు."

"అన్నాడు. మీ ఎడమ పక్కన నిలబడి అన్నాడు."

"డిపోలో ఆ రొదలో ఎవడు ఏ పక్కన నిలబడ్డాడో ఎవరికి గుర్తుంటుంది?"

"ఆయనకి గుర్తుంది. అయినా మేనేజరు అడిగితే, నేనే చెప్పడం మర్చిపోయానన్నాడట. మీ మీద గౌరవం కొద్దీ చివాట్లు తనే తిన్నాడు."

"వాణ్ణి ఎవరు తినమన్నారు?"

"అదే ఆవిడా అడిగింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. జరగండి, ఇటు కూర్చుంటాను."

"అటెందుకు? రోజూ కూర్చునే చోట కూర్చో."

"ఇవాళ మీ ఎడమపక్కన కూర్చుంటాను. రేపు చెవి డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"సరే."

"సరేనా?"

"సరే అన్నాగా."

"ఇటు నావైపు తిరిగి చెప్పండి, నేనేమన్నాను?"

"టార్చికి బ్యాటరీలు తేవాలన్నావు."

"బ్యాటరీలా?"

"కాదా?"

"ఇదిగో, ఆ పొడుగాయనకీ ఇలాగే సరే అని ఉంటారు."

"నువ్వు గొణిగావు."

"గొణగలేదు. మామూలుగానే అన్నాను. చెవి డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను."

"చెవికేమైంది? మిషను సంగతి తేల్చకుండా చెవి మీద పడతావేం?"

"నాదీ తప్పుంది. ఎడమవైపు తక్కువగా ఉందా అని మీరు మొదటిసారి అడిగినప్పుడే, లేదండీ, రెండూ సమానమే అని చెప్పాల్సింది. మీ మొహం చూసి చెప్పలేకపోయాను. అవునండీ అన్నాను. బెల్టుకీ అవునండీ, బరువుకీ అవునండీ."

"అంటే నీకు రెండూ ఒకటేలా వినపడతాయా?"

"మొదట్నుంచీ."

"అందుకేనా మంచం మీద అటుపక్కకి మారావు? గాలి రావట్లేదన్నావు?"

"గాలి ఎటైనా ఒకటే. మీ కుడిచెవి నావైపు ఉండాలని మారాను. చీకట్లో ఏదైనా చెప్తే మీరు జవాబివ్వకపోతే నాకు దిగులుగా ఉండేది."

"చాలా చేశావు."

"చేశాను. ఇక చాతకావట్లేదు."

"నిజంగానే చెవిది అనుకో. అనుకో అంటున్నాను. డిపోలో నన్నేమని పిలుస్తారో తెలుసుగా?"

"చెవి మేస్త్రి."

"బండి గేటు దాటకముందే చప్పుడు విని లోపం చెప్తానని పెట్టిన పేరది. రేపు ఇది తెలిస్తే టైర్లకి గాలి కొట్టే దగ్గర కూర్చోబెడతారు. నేను పని నేర్పినవాళ్ళే వచ్చి, ఎలా ఉన్నారు మేస్త్రీ అని జాలిగా అడుగుతారు."

"అడగనివ్వండి. ఈసారి చక్రం పట్టేసినప్పుడు బస్సు రెయిలింగు దాటితే ఏం చేస్తారు?"

"దాటదు."

"దాటితే?"

"ముందు మిషన్‌ది కాదని తేలాలి కదా. ఆ చెయ్యి ఒక్కటీ మార్చి చూద్దాం. అదే ఆఖరు."

"ఏ పార్టూ అక్కర్లేదు. నాలాంటిదానిక్కూడా తట్టే పరీక్ష ఉంది. కుర్చీ వెనక్కి తిప్పండి."

"ఎందుకు?"

"స్పీకర్లకి వీపు పెట్టి కూర్చోండి. లోపం ఆ ఎడమ స్పీకర్లో ఉంటే, అప్పుడది మీ కుడిపక్కకి వస్తుంది గనక కుడిచెవికి తక్కువ వినపడాలి. అలా తిరిగి కూర్చున్నా ఎడమచెవికే తక్కువైతే..."

"పాటకి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి ఎక్కడైనా చూశావా?"

"ఒక్క నిమిషం కూర్చోండి. ఎవరు చూస్తారు?"

"ఆ చెయ్యి రానీ, బిగించాక..."

"నేను అలిసిపోయానండీ. టార్చి పట్టుకుని కాదు, అబద్ధం చెప్పీ చెప్పీ. కుర్చీకి అటువైపు నేను పట్టుకుంటాను, లేవండి."

"వద్దు."

"బరువేమీ లేదు."

"బరువని కాదు."

"భయమా?"

"కాదు."

"మరి ఎందుకొద్దు?"

"మొట్టమొదట ఆ మ్యాట్ కొనకముందే, నువ్వు కుట్టు కేంద్రానికి వెళ్ళినప్పుడు, కుర్చీ తిప్పి కూర్చుని విన్నానే."