కుదురు

సెలూన్ నడిపే తండ్రి పెరట్లో పీట మీద కూర్చుని, కుక్క చెవి దగ్గర ఉండలు కట్టిన బొచ్చు కత్తిరిస్తున్నాడు. కూతురు దాని తల పట్టుకుంది.

“గట్టిగా పట్టుకోవే, ఒకటే కదులుతోంది.”

“పట్టుకున్నా నాన్నా. అయ్యో, రక్తం!”

“చూశావా? ముప్పై ఏళ్లలో ఒక్క మనిషి చెవికి గాటు పడనివ్వలేదు నేను. ఇది కుదురుగా ఉంటేగా!”

“చిన్న గాటేలే, దూది అద్దాను. కానీ నాన్నా... అది కదలట్లేదు.”

“మరి?”

“నీ చెయ్యి వణుకుతోంది.”

ఆయన కత్తెర మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“తెలుసే తల్లీ. వారం నుంచి షాపులో గడ్డాలన్నీ పక్క కుర్చీవాడికే వదిలేస్తున్నా. మనుషుల మీద కత్తి పెట్టాలంటే భయమేసి, దీని మీదైనా కుదురుతుందేమోనని చూశా.”

కత్తెర ఆమె వైపు చాచాడు. తీసుకోవడానికి ఆమెకు చేతులు రాలేదు.