నత్త చెప్పిన నా కథ

ఏంటీ, మీ తాత మాటకారి కాడా? ఎవరమ్మా చెప్పింది నీకు? ఓహో, నీకు గుర్తున్నంతవరకూనా. మరి నీకు ఊహ తెలిసేసరికే ఆయన గొంతు పోయిందిగా, నీ తప్పేముంది. కూర్చో. ఆ కుర్చీ వద్దు, దానికో కాలు కురచ, ఇటు రా. మా క్లాసు మొత్తానికి నోరు మూసుకోవడం చేతకానివాడు వాడొక్కడే. నత్త అనేవాళ్లం. కోపమొస్తే మీ అమ్మమ్మ కూడా అలాగే పిలిచేది. ఎందుకంటే, రోజూ బడికి ఆలస్యం. హాజరు అయిపోయి, లెక్కల మాస్టారు బోర్డు మీద సగం లెక్క చేసేశాక అప్పుడు తలుపు దగ్గర తేలేవాడు. 'ఏరా, ఇప్పుడా రావడం?' అంటే, 'అయ్యో, మొదలుపెట్టేశారా సార్?' అనేవాడు, మేమేదో వాడికోసం ఆగకుండా తప్పు చేసినట్టు! అలాంటివాడు పెద్దయ్యాక ఏమయ్యాడు? ఫైరింజను డ్రైవరు. నవ్వు, నవ్వు, మేమూ అలాగే నవ్వాం. ఇక ఊరు బూడిదేరా బాబూ అనుకున్నాం. కానీ ఉన్నమాట చెప్పాలి. గంట మోగిందంటే చాలు, నోట్లో ముద్ద నోట్లో ఉండగానే బండి రోడ్డెక్కేది. ఇంటికొచ్చాక మాత్రం మళ్లీ మామూలే. మీ అమ్మమ్మని స్కూటరు మీద ఎక్కించుకుని వెళ్తుంటే సైకిళ్లవాళ్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ దాటిపోయేవాళ్లు. 'నన్ను దింపెయ్యండి, నడిచి ముందే చేరతాను' అనేది ఆవిడ. 'పొద్దుటినుంచీ ఊరు ఊరంతా తరిమింది, నువ్వూ తరమకే తల్లీ' అనేవాడు. ఇంతకీ ఏం చెప్తున్నాను? ఆఁ, మాటలు.

మా బ్యాచ్ వాళ్లం ఏటా ఒకసారి కలుస్తాం. ఇప్పటికీ, మిగిలినవాళ్లం. అందరం రిటైరయ్యాక పెట్టుకున్న మీటింగులే అది. మొదటిసారి ఏమన్నారంటే, ఎవరికి వాళ్లు లేచి తమ ఉద్యోగం, సంసారం, రిటైర్మెంటు, ఈ మూడింటి గురించీ నాలుగు ముక్కలు చెప్పాలన్నారు. మా దొర ఉన్నాడుగా, పేరు కాదులే, మేం పెట్టుకున్నదే, పెద్ద ఆఫీసరుగా చేశాడు. వాడు జేబులోంచి కాగితాల కట్ట తీశాడమ్మా! చదువుతాడు, చదువుతాడు. ఏ బదిలీకి ఏ క్వార్టర్స్ ఇచ్చారు, దాని కిటికీలు ఎటు తిరిగి ఉండేవి, అన్నీ. అన్నాలు చల్లారిపోయాయి. సగంమంది కునికిపాట్లు. అప్పుడు లేచాడు మీ తాత. 'ఒరేయ్, ఎవడి కథ వాడు చెప్పుకుంటే ఇక్కడ అందరం మహానుభావులమే. వచ్చే ఏడాదినుంచి బళ్లో బెంచీ మీద పక్కన కూర్చున్నవాడు చెప్పాలి. చేతిలో కాగితం కనబడిందో, చింపేస్తా' అన్నాడు. అంతే, అదే రూలైపోయింది. నా పక్కన కూర్చున్నది ఎవరనుకున్నావు? వాడే. నా బతుకంతా ఏడాదికోసారి వాడి నోట్లో పడేదన్నమాట. నాదేముందిలే, పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసి గూళ్లలో వేసే పని. అక్కడే చేరాను, అక్కడే ముసలాణ్ణయ్యాను. కానీ వాడు చెప్తుంటే చూడాలి, 'వీడు లేకపోతే ఈ ఊళ్లో సగం పెళ్లిళ్లు జరిగేవి కావురా, మిగతా సగం ఆగేవి కావు' అనేవాడు. తర్వాతేమైందబ్బా అని నేనే నోరు తెరుచుకుని వినేవాణ్ణి!

ఆ తర్వాత గొంతులో ఏదో వచ్చింది. పొగలో చేసిన ఉద్యోగం, అది చాలదన్నట్టు సిగరెట్లొకటి. ఆపరేషను చేస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదు అన్నాడు డాక్టరు. మీ తాత ఏమన్నాడో తెలుసా? 'మా మీటింగు అయ్యాక వస్తాను, వీడి కథ చెప్పాలి' అన్నాడు. మీ అమ్మమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. 'అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి, కథలేమిటండీ ఈ వేళప్పుడు' అని ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. 'నువ్వు చెప్పేదేంట్రా, ఉత్తరాలు గూట్లో వేశాను, అంతేగా? ముందు నువ్వు బతుకు' అని కసిరాను. సరే, ఒప్పుకున్నాడు. ఆపరేషనయ్యాక కూడా ఏవో యంత్రాల కింద పడుకోబెట్టడం, పరీక్షలు, చాలాకాలం తిరిగాం. మీ అమ్మకి ఉద్యోగం, చంకలో నువ్వు. మీ అమ్మమ్మకి మోకాళ్లు. పనీపాటా లేనివాణ్ణి నేనేగా, నేనే వెంటబెట్టుకుని వెళ్లేవాణ్ణి. అక్కడి క్యాంటీనువాడు నన్ను కూడా స్టాఫే అనుకున్నాడు!

ఇక ఆ ఏడాది మీటింగు. ముందు నేను వాడి కథ చెప్పాను. ఎదురుగా కూర్చుని ప్రతి మాటకీ కాదని చెయ్యి ఊపుతాడు. తలకాయ బాదుకుంటాడు. గొంతున్నప్పుడే నయం. తర్వాత నాది, అంటే వాడు చెప్పాలి. దొర లేచి, 'పోనీలే, ఈసారికి వదిలేద్దాం' అన్నాడు, మంచికే. మీ తాత చూసిన చూపుకి వాడు ఎక్కడివాడక్కడ కూలబడ్డాడు. మీ తాత ముందుకొచ్చి, చేతులు దులుపుకుని, మొదలుపెట్టాడు. మాట లేదు, అంతా చేతుల్తోనే! కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, ఉత్తరాలు టపటపా గూళ్లలోకి విసిరాడు. ఒకటి కింద పడితే వంగి తీసి, అటూ ఇటూ చూసి, కవరు వెలుతురుకి పెట్టి లోపలేముందో చూశాడు. ఛ, నేనెప్పుడూ అలా చెయ్యలేదమ్మా. ఒకటో అరో. తర్వాత నడుం మీద చెయ్యి పెట్టి, కొంగు దోపి, వేలితో గుమ్మం చూపించాడు. 'చెప్పులు బయట!' అని అందరూ ఒకేసారి అరిచారు. మా ఆవిడ మరి, తెలియనివాడెవడు? ముగ్గురు ఆడపిల్లల్ని అరచేత్తో ఎత్తు చూపించి, ఒక్కొక్కరికీ జడేశాడు. నాకు జడలు వెయ్యడం రాక పిల్లలు కెవ్వుమనేవాళ్లు, అది కూడా మర్చిపోలేదు దొంగ. నవ్వలేక కడుపు పట్టుకున్నాం.

చివర్న రిటైర్మెంటు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒళ్లో సంచి ఉన్నట్టు చేతులు పెట్టుకున్నాడు. తల మెల్లగా వాలింది. 'నిద్రేరా, ఇంకేం చేస్తాడు!' అని గొల్లుమన్నారు. ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకుని, మొహానికింత నవ్వు పులుముకుని, ఎదురుగా చూశాడు. ఎవరూ రాలేదు. నవ్వు తీసేసి కూర్చున్నాడు. మళ్లీ తల వాలింది. మళ్లీ లేచాడు, మళ్లీ అదే నవ్వు. వాళ్లకి నవ్వు ఆగడంలేదు. నాకు మాత్రం నవ్వు ఆగిపోయింది. అది ఆసుపత్రి వరండా అమ్మా. తలుపు చప్పుడైనప్పుడల్లా వాణ్ణి బయటికి తెస్తున్నారేమోనని లేచేవాణ్ణి. నా భయం వాడి కంట పడకూడదని ముందే నవ్వుమొహం పెట్టుకునేవాణ్ణి. మా ఆవిడకి కూడా చెప్పలేదు ఆ సంగతి. ఆ తలుపుకి చిన్న అద్దముంటే, అందులోంచి వాడు పడుకుని నన్నే చూస్తున్నాడని నాకేం తెలుసు? దొర అడిగాడు, 'అయిపోయిందా?' అని. మీ తాత నాకేసి తిరిగి, సరిగ్గా చెప్పానా అన్నట్టు తలెగరేశాడు. బాగా చెప్పావురా అందామనుకున్నాను. నోరు పెగల్లేదమ్మా నాకు. వాడికీ మాట లేదు, నాకూ లేదు, అలా ఒకళ్లనొకళ్లం చూసుకుంటూ... సరేగానీ, నువ్వు ఏ బస్సుకి వెళ్తావు? ఆ సంచిలో గొడుగేమైనా ఉందా, మబ్బు పట్టేలా ఉంది.