గ్రహణం ఇడిసేదాక

జగిత్యాలలో సైన్సు మ్యూజియం, సినిమా గది. సూర్యగ్రహణం రోజు, మధ్యాహ్నం పన్నెండు దాటింది. లోపల మ్యూజియం లెక్చరర్ ఫజలుద్దీన్, ఒక యువతి, ఆమె ఒళ్ళో చంటిపిల్లవాడు.

“ఇంకోపారి గుంజుండ్రి సార్.”

“ఎంత గుంజినా గంతే బిడ్డా. బయటికెల్లి తాళమేసిన్రు. కిటికీల కెల్లి కనవడుతుంది, కొత్త తాళం.”

“లోపట మనుషులున్నరా లేరా సూడకుంట ఎట్లేస్తరు?”

“తెలంగాణ కోసం ఇయ్యాల సర్కారు ఆఫీసులన్నిటికి తాళాలేసుడు పెట్టుకున్నరు. గ్రహణం పట్టకముందే అందరు ఇండ్లల్ల పడాలె. గా తొందరల దీనికి గూడ ఏసి ఉరికిన్రు. మనం తలుపులు మూసి, చీకటి చేస్కొని సినిమ చూడవడితిమి. సౌండు పెద్దగ పెడితి. ఏమినవడ్డది మనకు?”

“మీరు గూడ సర్కారోళ్ళే గద. జేఏసీల లేరా?”

“ఉన్న.”

“మరి బంద్ నాడు సినిమ ఎట్లేసిన్రు?”

“గుచ్చి గుచ్చి అడుగకు. వేరే రోజులల్ల ఈడికి ఎవడస్తడు? గ్రహణం నాడన్న ఒక్కరికన్న భయం పోతదని, దొంగతనంగ తెరిచిన. నువ్వొక్కదానివే అచ్చినవ్. ఇప్పుడు తాళం తియ్యమని ఎవనికన్న ఫోన్ చేస్తే బంద్ తప్పినోన్ని అయిత. మా యూనియనోళ్ళే చెప్పుల దండ ఏస్తరు.”

“నేను ఐదింటికి కోరుట్లల ఉండాలె సార్.”

“గంత అర్జంటేంది?”

“పెద్దమనుషులు కూసుంటున్నరు.”

“దేనికి?”

“ఉన్నది ఒక పని.”

“మంచిగనే ఉన్నది. బంద్ నాడు, గ్రహణం నాడు, పసిపోరన్ని ఎత్తుకొని కోరుట్లకెల్లి జగిత్యాలకచ్చి సినిమ చూస్తివి. పిల్లగాని మొఖం మీది కొంగన్న తియ్యి, గాలి ఆడద్దా?”

“ఆడుతది.”

“ఏడుస్తుండు గద. పాలియ్యి, నేను అటు తిరిగి కూసుంట.”

“వాడు రొమ్ము గుంజలేడు సార్. చెంచతోని పొయ్యాలె.”

“ఎందుకు?”

“గంతే.”

“ఎందుకు బిడ్డా?”

“చూడుండ్రి. భయపడకుండ్రి మరి.”

“... ఇదా? పై పెదవి. దీనికి భయపడుడెందుకు?”

“గ్రహణం మొర్రి సార్. మా అత్త పురిటి మంచం కాన్నే తువ్వాల కప్పి పోయింది, మల్ల రాలే. ఆయనైతే మొఖమే చూడలే. చూడద్దని వాళ్ళమ్మ చెప్పిందట. రెండు నెలలాయె తల్లిగారింట్లనే ఉండవట్టి.”

“దీన్ని కుడుతరు బిడ్డా. మూడు నాలుగు నెలలు నిండితే చాలు. మచ్చ గూడ అంత కనవడది.”

“మీకెట్ల తెలుసు?”

“చూసిన ఒకల్ని. నీ పేరేంది?”

“సంగీత. మొన్న ఆషాఢంల పొద్దుగాల్ల గ్రహణం పట్టింది, యాదికున్నదా సార్? ఆ పొద్దు నేను కత్తెర పట్టిన. బీడీలు చేస్త నేను. రాత్రే ఆకు తడిపి పెట్టిన. కత్తిరియ్యకపోతే ఖరాబైతది, కార్ఖానల వాపసు కొడుతరు. కడుపుతోని ఉన్నోళ్ళు గ్రహణంల ఏదీ కొయ్యద్దని ఎరికే. ఎరికుండి గూడ, తలుపు మూసుకొని ఆకంత కత్తిరిచ్చిన. గా కత్తెరే పోయి కొడుకు పెదవి మీద పడ్డదంటరు.”

“అనేటోళ్ళకేం, అంటరు.”

“అందుకే అచ్చిన. గ్రహణమంటే ఉత్త నీడనే అని సినిమల చెప్పిన్రు. చంద్రుడు అడ్డమస్తడు గంతే అన్నరు. పెదవి గురించి ఏం చెప్పలే. నాకు గదొక్కటే కావాలె సార్. నేను చేసిన్నా, చెయ్యలేదా?”

“ఆ గ్రహణం నాటికి నీకెన్ని నెలలు?”

“ఐదు నిండినయి.”

“పక్కానా?”

“దవాఖాన కార్డుల రాసున్నది. ఇగో.”

“... ఇను బిడ్డా. తల్లి కడుపుల పై పెదవి అతుక్కునేది రెండో నెలల. అప్పుడు అతుక్కుంటే అతుక్కున్నట్టు, లేకుంటే లేనట్టు. నువ్వు కత్తెర పట్టేటాల్లకు వాని పెదవి ఇట్లనే ఉండె. మూడు నెలల ముందట్నే అయిపోయిన పని అది. ఏడువకు.”

“ఏడుస్తలే. మల్లొక్కపారి చెప్పుండ్రి.”

“నువ్వు చెయ్యలే.”

“మల్లొక్కపారి.”

“నువ్వు చెయ్యలే బిడ్డా. కత్తెర చెయ్యలే, గ్రహణం చెయ్యలే. అటు చూడు, గోడ మీద. కిటికీ చిల్లుల కెల్లి సూర్యుడు పడుతుండు, కొరికిన రొట్టె లెక్క. జరుగు, పిల్లగాని మీదికి వస్తుంది. నీకు భయమైతది.”

“రానియ్యుండ్రి. వాని మీద పడనియ్యుండ్రి సార్.”

“శభాష్.”

“గీ మాటే పెద్దమనుషుల ముందట చెప్పాలె మీరు. నాతోని కోరుట్లకు రాండ్రి. తప్పు నాదేనని నాతోని ఒప్పించి ఇడుపు కాయితం రాయించుకుంటరట. ఆయనకు వేరే పిల్లను గూడ చూసి పెట్టిన్రు. నేను ఎల్లగొట్టిచ్చుకుంట గని, నా కొడుకును పాపపు పుట్టుక అననియ్య.”

“వస్త. చెప్పుల దండ ఏసినా సరే, ఫోన్ చేస్త. తాళంచెవి జైపాల్ తాన ఉంటది.”

“ఏ జైపాల్?”

“సాయవ్వ కొడుకు. జేఏసీల ముందల ఉంటడు, టెంటు కాడ మైకుల...”

“చెయ్యకుండ్రి.”

“ఏమైంది?”

“దండం పెడుత సార్, చెయ్యకుండ్రి.”

“ఇప్పుడే గద పోవాలంటివి?”

“ఆయనే సార్ నా పెనిమిటి.”

“... సాయవ్వ కొడుకా.”

“ఎరికేనా మీకు?”

“ఎరికే. వాళ్ళ వాడలనే ఉంటుంటిమి. ఇరవై ఏండ్లాయె నేను ఆ వాడ ఇడిసి.”

“మనకు అన్యాయమైందని మైకుల ఒర్రుతడు సార్. యాభై ఏండ్ల సంది అయితుంది అంటడు. అందరు సప్పట్లు కొడుతరు. నేను గూడ కొట్టిన. మరి నాకైన అన్యాయానికి ఎవలు ఒర్రాలె? సార్, ఒక మాట. కత్తెర గాకపోతే మరి దేనికయినట్టు?”

“చెప్పలేం. చాన కారణాలుంటయి.”

“సినిమల అన్నిటికి కారణం చెప్పిన్రు గద.”

“కొందరికి రక్తంల వస్తది. ఇంట్ల పెద్దోళ్ళకు ఎవలకన్న ఉంటే.”

“మా దిక్కు ఎవలకు లేదు. మేనత్తలను గూడ అడిగిన. వాళ్ళ దిక్కు గూడ లేదట. మా అత్త కొండగట్టు దిక్కు చెయ్యి చూపి, అంజన్న మీద ఒట్టేసింది.”

“ఒట్టేసిందా!”

“ఏసింది. ఎందుకట్ల చూస్తున్నరు?”

“ఏం లేదు.”

“ఏదో ఉన్నది.”

“ఏం లేదంటి గద. నేను గూడ ఒకలకు మాటిచ్చిన్న ఒకప్పుడు. గది యాదికచ్చింది.”

“తెలిసింది చెప్పెతందుకే గద సార్, మీరు దొంగతనంగ తలుపు తెరిచింది?”

“మాటంటే మాట బిడ్డా. నోరు కట్టేసినట్టే... ఫోన్ చేస్తున్న. నీ పేరు మాత్రం చెప్ప. హలో, జైపాలూ? నేను, ఫజలుద్దీన్. మ్యూజియంల ఉన్న. ఆ, లోపట్నే. నువ్వేసిన తాళమే. తిట్టు, తీసినంక తిట్టు... ఏందీ? గంత పెద్ద లీడరువు, నీకు గ్రహణం భయమేందిరా? సరే, సరే తియ్యి.”

“ఏమన్నడు?”

“గ్రహణం ఇడిసేదాక గడప దాటద్దని సాయవ్వ ఆపిందట. మూడు దాటినంక వస్తడు.”

“అప్పటిదాక మనం గిట్లనేనా?”

“గిట్లనే. పిల్లగానికి పాలు పొయ్యి.”

మూడున్నర. తలుపు అవతల జైపాల్ గొంతు.

“సార్! బంద్ నాడు సినిమ ఏస్తరా? మీరే గిట్ల చేస్తే పోరగాండ్లకు మేమేం చెప్పాలె?”

“తప్పయింది. తాళం తియ్యి.”

“పిల్లగాని ఏడుపు ఇనవడుతుంది. లోపట ఎవలున్నరు?”

“నేను. సంగీతను. నీ కొడుకు గూడ ఉన్నడు.”

“గ్రహణంల వాన్ని ఎత్తుకొని బయటకచ్చినవా? అప్పుడు కత్తెర పట్టి ఖరాబ్ చేస్తివి, సరిపోలేదా? మా అమ్మ చెప్పింది నిజమే. పా, పెద్దమనుషుల తాన్నే తేల్తది ఇయ్యాల.”

“నేను చెయ్యలే. రెండో నెలల్నే అయిందట. సార్ చెప్పిండు.”

“సారుకేం తెలుసు మా ఇంటి సంగతి?”

“జైపాలూ.”

“మీరు నడుమల రాకుండ్రి సార్. జరుగుండ్రి, తాళం తీస్తున్న.”

“తియ్యకు. తీస్తే నీ మొఖం చూస్కుంట చెప్పలేను, మల్ల నోరు మూసుకుంట. గట్లనే నిలవడు. మీ అమ్మకు ఇచ్చిన మాట ఇయ్యాల తప్పుతున్న. నీ మీసం కింద కుట్లెట్ల పడ్డయి?”

“చిన్నప్పుడు సైకిల్ మీదికెల్లి పడ్డ. గదెందుకిప్పుడు?”

“నువ్వు ఏడ పడలే బిడ్డా. ఏడాది పోరనివి, మీ అమ్మ నిన్ను గిట్లనే కొంగు కప్పి తెస్తే, పట్నం దవాఖానకు తోల్కపోయి నీ పెదవికి కుట్లేయించింది నేనే.”